వగరు విరిచే ఎండలు

నారా దాటి దక్షిణానికి వెళ్లే రైలు కిటికీలోంచి మొదట కనిపించేవి కోసేసిన వరి మళ్లు. నవంబరు మొదటి వారం. మోళ్లలోంచి మళ్లీ పచ్చగా పిలకలు లేచాయి. మళ్ల నడుమ పెంకుటిళ్లు, ఇంటింటి పెరట్లో ఒక చెట్టు. ఆకు సగానికి పైగా రాలిపోయింది. కాయలు మాత్రం ముదురు నారింజ రంగులో కొమ్మ కొమ్మకీ విరగకాసి ఉన్నాయి. మన ఊళ్లో పెరటి జామచెట్టుకి ఇన్ని కాయలుంటే పిల్లలు కొమ్మ దిగరు. ఇక్కడ చెట్టు కింద ఎవరూ లేరు.

"పల్లెల్లో పిల్లలెక్కడున్నారక్కా, ఉన్నదంతా ముసలివాళ్లే. ఎక్కి కోసే ఓపిక ఎవరికుంది?" అన్నాడు మా చిన్నాన్న కొడుకు. ఒసాకాలో ఉద్యోగం చేస్తూ అక్కడి భాష బాగా నేర్చుకున్నాడు. ఈ ప్రయాణమంతా నా నోరూ చెవీ వాడే. కోయకుండా వదిలేసిన పండ్ల కోసం కొండల్లోంచి కోతులు, అడవి పందులు ఊళ్లోకి దిగుతున్నాయట.

ఆ చెట్టే పెర్సిమన్. దసరా దాటాక హైదరాబాద్ పండ్ల దుకాణాల్లో జపాన్ పండు పేరుతో కనిపిస్తుంది. అవి ఎక్కువగా హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ నుంచి వచ్చేవి. మాది సత్తుపల్లి వైపు మామిడి తోట. చుట్టుపక్కల రైతులు కొందరు మామిడి తీసేసి ఆయిల్ పామ్ వేశారు, కొందరు డ్రాగన్ ఫ్రూట్ వేశారు. ఇప్పుడు పెర్సిమన్ మొక్కలు కూడా అమ్మకానికి వస్తున్నాయి. ఏ చెట్టయినా దాని సొంత నేల మీద ఎలా బతుకుతుందో చూడకుండా మన నేలలో గుంత తవ్వకూడదని నాకు గట్టి పట్టింపు. అందుకే గుడుల ఊరు నారాలో తక్కువ, తోటల్లో ఎక్కువ గడిపాను.

గోజో ఊరి దగ్గర లోయ విచ్చుకుంటుంది. అక్కడ పారే నది పేరు యోషినో. రాష్ట్రం దాటి వకాయమాలోకి అడుగుపెట్టగానే అదే నది కినోకవా అయిపోతుంది. తూర్పు నుంచి పడమటికి, సముద్రం వైపు తిన్నగా పారే నది. ఉత్తరాన ఇజుమి కొండలు గోడ కట్టినట్టుంటాయి. దక్షిణాన కోయాసాన్ మఠాలున్న కీ పర్వతాలు. ఆ రెండింటి నడుమ, నదికి అటూ ఇటూ వాలుల మీద, కంటికి ఆనినంత మేరా పెర్సిమన్ తోటలే. జపాన్‌లో ఈ పండు ఎక్కువ పండించే రాష్ట్రం వకాయమా, తర్వాతి పేరు నారాదే. అంటే ఈ ఒక్క నదీ లోయ దేశానికి పెర్సిమన్ బుట్ట.

గోజో కొండ మీద ప్రభుత్వ పండ్ల పరిశోధన కేంద్రం ఉంది. దాని ఆవరణలో పెర్సిమన్ ఆకారంలోనే కట్టిన మ్యూజియం, పక్కన 200 దాకా రకాల చెట్లున్న తోట. పీట వేసినట్టు చదునుగా ఉన్నవి, కింది కొస కోసుగా దిగినవి, నాలుగు పక్కలా నొక్కినట్టున్నవి, నిమ్మకాయంత చిన్నవి. ఒకే జాతిలో ఇన్ని రూపాలా అని తిరిగి తిరిగి చూశాను.

అక్కడ పనిచేసే ఒక పెద్దాయన చదునుగా ఉన్న కాయ ఒకటి కోసి, చెక్కు తీసి, ముక్క చేతిలో పెట్టారు. విత్తనాలు లేవు. చూడబోతే బంగారంలా ఉంది. కొరికిన రెండు క్షణాల్లో నాలుక మీద, చిగుళ్ల మీద సున్నం పూసినట్టు బిగుసుకుపోయింది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చే వగరుకి ఇది పదింతలు. ఆయన అది ముందే ఊహించి నీళ్ల గ్లాసు సిద్ధంగా పెట్టుకున్నారు. తర్వాత ఇంకో కాయ కోశారు. ఫుయు రకం. గిఫు రాష్ట్రంలో పుట్టి దేశమంతా పాకిన తీపి రకం అది. కరకరలాడుతూ, బెల్లం నీటి తీపితో, వగరన్నదే లేకుండా ఉంది.

రెండు కాయలూ ఒకే కొండ మీదివి. వగరు రావడానికి కారణం కాయలోని టానిన్ అనే పదార్థం. తీపి రకాల్లో కాయ పిందెగా ఉన్నప్పుడే టానిన్ కణాలు ఎదగడం మానేస్తాయి. ఆ తర్వాత కండ పెరిగి టానిన్ పలచబడిపోతుంది, చివరికి నీటిలో కరగని రూపంలోకి మారుతుంది. వగరు రకాల్లో ఆ కణాలు కాయతో పాటే పెరుగుతూ పోతాయి. ఇక్కడిదాకా నేను చదివి వెళ్లిందే. పెద్దాయన చెప్పిన తర్వాతి మాటతో నా లెక్క మారింది.

"బయటినుంచి వచ్చినవాళ్లంతా చలికాలం గురించే అడుగుతారు. మీరు శరత్కాలం గురించి అడగండి" అన్నారాయన.

ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు కాబట్టి దీనికి చలి కావాల్సిందే. కానీ యాపిల్‌కి కావలసినంత కాదు. 7 డిగ్రీల కన్నా దిగువ చలి యాపిల్ రకాలు చాలావాటికి 1,000 గంటల దాకా కావాలంటారు. పెర్సిమన్‌కి 100 నుంచి 400 గంటలు చాలని చాలా ఉద్యాన పుస్తకాలు రాస్తాయి. నిద్రలో ఉన్నప్పుడు సున్నాకి పదిహేను డిగ్రీల దిగువ చలిని కూడా తట్టుకుంటుంది. అసలు పరీక్ష వేసవి చివర మొదలవుతుంది. తీపి రకం చెట్టు మీదే వగరు విరగాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తగినంత వెచ్చదనం ఉండాలి. లేకపోతే కాయ రంగు తిరుగుతుంది, సైజు వస్తుంది, లోపల వగరు మాత్రం అలాగే మిగిలిపోతుంది. జపాన్ వ్యవసాయ శాఖ తోటలకు పెట్టుకున్న ప్రమాణం కూడా ఈ లెక్కే చెబుతుంది. తీపి రకాలకి ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సగటు 19 డిగ్రీలు దాటాలి. వగరు రకాలకి ఆ అంకెలు 10, 16. ఆ మూడు డిగ్రీల తేడాయే దేశాన్ని రెండుగా గీస్తుంది. ఉత్తరాన షోనాయ్ మైదానంలో, సాదో దీవిలో వగరు రకాలే వేస్తారు. అక్కడ ఫుయు వేస్తే చెట్టు బతుకుతుంది, పండు తీపెక్కదు.

చెట్టు బతకడం వేరు, పండు పండటం వేరు. ఈ తేడా తెలియక మన దగ్గర ఎన్ని తోటలు పెట్టి నరికేశామో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మొక్క పచ్చగా ఉందని మూడేళ్లు నీళ్లు పోస్తాం. నాలుగో ఏట కాయ కోసం చూస్తాం. అప్పటికి అప్పు రెట్టింపవుతుంది. ఆ కొండ మీద నిలబడి నేను ఆలోచించింది జపాన్ గురించి కాదు.

గోజో నుంచి దక్షిణంగా నిషి యోషినో కొండలు. దారి మలుపు మలుపుకీ తోటలే, లోయ అడుగు దాకా మెట్లు మెట్లుగా. కోతల కాలం కాబట్టి ప్రతి మలుపులో ఒక చిన్న ట్రక్కు, దాని మీద నీలం ప్లాస్టిక్ డబ్బాలు. డెబ్బై దాటిన దంపతులు తోటలో పని చేసుకుంటూ కనిపిస్తే మావాడు దారి మీది నుంచే వంగి దండం పెట్టి, చూడొచ్చా అని అడిగాడు. ఆవిడ తలగుడ్డ విప్పి, తిరిగి వంగి దండం పెట్టి, రమ్మన్నారు. పని చెడగొడుతున్నామేమోనని మేం బెరుగ్గా ఉంటే, మా చేతులకి తోట గ్లవ్స్ ఇచ్చి తనే మమ్మల్ని పనిలో కలుపుకున్నారు.

కాయ కోసే పద్ధతి చూసి ముచ్చటేసింది. చిన్న కత్తెరతో మొదట కొమ్మ దగ్గర కాస్త కాడ వదిలి కోస్తారు. తర్వాత అరచేతిలో కాయను తిప్పి, ఆ కాడని ముచ్చికకి ఆనించి మళ్లీ కత్తిరిస్తారు. ప్రతి కాయకీ రెండు కోతలు. ఎందుకంటే మిగిలిన ఆ చిన్న ముల్లులాంటి కాడ డబ్బాలో పక్క కాయని గుచ్చితే రెండూ పాడవుతాయి. ఆ నాలుగు రెక్కల ముచ్చికని వేలితో తడిమి చూశాను. మా భద్రాచలం అడవుల్లో ఎండాకాలం ఏరుకుతినే తునికి పండుకి సరిగ్గా ఇలాగే తొడిమ అంటుకుని ఉంటుంది. రెండూ ఒకే ప్రజాతి చెట్లు, డయోస్పైరోస్. బీడీ చుట్టే తునికాకు చెట్టుకి ఈ పండు దగ్గరి చుట్టం. తునికి ఎర్ర గరపలో, మోరం నేలలో, 45 డిగ్రీల ఎండలో నిలుస్తుంది. దీనికి చలి లేకపోతే నిద్ర పట్టదు.

నేల గురించి అడిగితే ఆవిడ భర్త మాటలతో చెప్పలేదు. దారి కోసం కొండని తవ్విన చోటికి తీసుకెళ్లారు. మట్టి కోతలో పై నుంచి కింది దాకా చెట్టు వేళ్లు కనిపిస్తున్నాయి. బొగ్గులా నల్లటివి. ముందు నేను కాలిన కట్టెలనుకున్నాను. గోటితో గీకితే లోపల తడి తగిలింది. నా ఎత్తు కన్నా లోతుకి, రాళ్ల సందుల్లోంచి ఇంకా కిందికి దిగిపోయి ఉన్నాయి. లోతైన నేల, నీరు దిగిపోయే నేల, ఈ రెండే ఆయన చెప్పదలచుకున్నది. ఇసుక కలిసిన గరప అయితే మరీ మంచిది, బంకమన్ను పాలు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది. మడుగు కడితే మాత్రం వేళ్లు కుళ్లుతాయి. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య, అంటే కొంచెం పులుపు వైపు ఉండాలి. చౌడుని అసలు భరించదు. పైపై నేల పలచగా ఉండి కింద రాయి తగిలితే, వేసవిలో రెండు వారాలు వాన లేకపోయేసరికి పిందె రాలిపోతుంది. యూరియా దట్టిస్తే ఇంకో రకం నష్టం. కొమ్మలు బారెడు పెరుగుతాయి, కాయ నిలవదు. నీళ్లూ ఎరువూ కుమ్మరిస్తే ఏదైనా కాస్తుందనే మన నమ్మకానికి ఆ కొండవాలు సరైన జవాబు.

అంటు సంగతి కూడా ఆవిడ చెప్పారు. ఫుయుని పెర్సిమన్ గింజ మొక్క మీదే కట్టాలి. డయోస్పైరోస్ లోటస్ అనే చిన్న కాయల జాతి చలికి బాగా ఓరుస్తుంది, దాని మీద కొన్ని రకాలు బాగా అతుకుతాయి. ఫుయు మాత్రం దానితో సరిపడక కొన్నేళ్లకి నీరసించిపోతుంది. మొక్క కొనేటప్పుడు పై రకం పేరు మాత్రమే అడిగి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కింద ఏ వేరు ఉందో అడగాలి.

తోటలో అక్కడక్కడా ఎత్తైన ఇనుప గుంజలు, వాటి మీద ఫ్యాన్లు ఉన్నాయి. ఏప్రిల్‌లో చెట్టు చిగురించాక ఒక్క రాత్రి మంచు కురిస్తే లేత చివుళ్లు మాడి ఆ ఏటి పంట పోతుంది. పైన తేలే వెచ్చని గాలిని ఫ్యాన్లు కిందికి తోస్తాయి. లోయ అడుగున వరి, వాలు నడుమ పెర్సిమన్ ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. చల్లగాలి బరువు, అది నీళ్లలా జారి అడుగున నిలుస్తుంది. వాలు మీద చెట్టుకి నీరూ నిలవదు, చలిగాలీ నిలవదు.

మధ్యాహ్నం ఆవిడ డబ్బా విప్పారు. పెర్సిమన్ ఆకులో చుట్టి, బరువు పెట్టి నొక్కిన అన్నం ముద్దలు, పైన ఉప్పు చేప. ఈ కొండల్లోకి సముద్రం చేప ఉప్పులో ఊరి నడిచి వచ్చిన రోజుల నాటి వంట ఇది. ఆకులోని టానిన్ చేపని చెడనివ్వదు. ఆకు విప్పగానే తడి అడవి వాసన. పులుపు, ఉప్పు సమంగా పట్టిన అన్నం. కారం తప్ప నాకు ఏ లోటూ కనిపించలేదు. బయల్దేరేటప్పుడు డబ్బులు ఇవ్వబోతే ఇద్దరూ చేతులు అడ్డంగా ఊపి, మచ్చ పడిన కాయలు ఒక సంచి నిండా పెట్టి, మా ట్యాక్సీ మలుపు తిరిగేదాకా వంగే ఉన్నారు.

మళ్లీ నది పట్టుకుని పడమటికి. హాషిమోతో, కుదోయమా, కత్సురాగి. దారి పక్కన మనిషి లేని కొట్లు. చెక్క అరల్లో కాయల సంచులు, పక్కన డబ్బులు వేయడానికి చిన్న డబ్బా. తాళం డబ్బాకే ఉంది, కాయలకి లేదు. నేను వంద యెన్ నాణెం వేసి సంచి తీసుకుంటుంటే, వెనకాల ఆగిన స్కూలు పిల్లాడు కూడా నాణెం వేసి ఒక సంచి సైకిల్ బుట్టలో పెట్టుకుని పోయాడు.

కత్సురాగి వైపు ఒక తోటలో చెట్టు మీది కాయలకి ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉన్నాయి. వకాయమాలో కినోకవా పెర్సిమన్ అని అమ్మే పండు ఇలా తయారవుతుంది. వగరు రకం కాయ చెట్టు మీద ఉండగానే, సెప్టెంబరులో దానికి సంచి తొడిగి లోపల గట్టి ఆల్కహాల్ ముక్క పెడతారు. ఒకటి రెండు రోజుల తర్వాత సంచి అడుగు కోసి గాలి ఆడేలా వదిలి, కాయని పండేదాకా చెట్టు మీదే ఉంచుతారు. ఆ ఆవిరికి కాయలోని టానిన్ గడ్డకట్టి, నాలుకకి అంటని రూపంలోకి మారిపోతుంది. కోసి చూస్తే కండ అంతా నల్లబెల్లం పొడి చల్లినట్టు చుక్కలు. రుచి కూడా అలాంటిదే. మామూలు వగరు కాయల్ని కోశాక కార్బన్ డయాక్సైడ్ గదుల్లో పెట్టినా వగరు ఇలాగే విరుగుతుంది. కాయ కాయకీ సంచి కట్టే ఓపిక, దాని వెనకున్న నమ్మకం నన్ను కదిలించాయి. వగరుని లోపంగా చూసి చెట్టు నరకలేదు వీళ్లు. దాన్ని విరిచే దారులు వెతికారు.

ఆ దారుల్లో పాతది షిగోలో చూశాను. కత్సురాగి కొండ మీద నాలుగు చిన్న ఊళ్ల గుంపు అది. పందిళ్ల నిండా చెక్కు తీసిన వగరు కాయలు, వెదురు పుల్లలకి గుచ్చి, తాళ్లతో వరసలు కట్టి, మేడ ఎత్తు దాకా వేలాడదీసి ఉన్నాయి. పుల్లకి పది కాయలు. ఈ కొసన రెండు, ఆ కొసన రెండు, నడుమ ఆరు దగ్గర దగ్గరగా. రెండు వైపులా నవ్వు, నడుమ కలిసిమెలిసి బతుకు అని దాని అర్థం. కొత్త సంవత్సరానికి ఇళ్లలో దంచిన అన్నం ముద్దల మీద పెట్టి పూజించడానికి ఇవి ఒసాకా చుట్టుపక్కల ఊళ్లకి వెళతాయి. పందిరి కింద నిలబడితే ఎండ నారింజ రంగై మీద పడుతుంది. నవంబరు కొండగాలి రోజంతా ఆ వరసల మధ్య తిరుగుతుంది. ఆరుతున్నకొద్దీ వగరు పోయి తీపి పైకి వస్తుంది.

పుల్లలు తిప్పి పెడుతున్న ఒక అవ్వ దగ్గర మావాడు ఆగాడు. ఆమె చేతులు ఆపకుండానే మాట్లాడింది. చల్లటి, పొడి గాలి రావాల్సిన రోజుల్లో ఇప్పుడు ఉక్కపోత వస్తోందట. వాన తగిలి వెచ్చగా ఉంటే రెండు రోజుల్లో కాయ మీద బూజు పడుతుంది. పరదాలు దించి ఫ్యాన్లు పెట్టినా కొన్నేళ్లు పారబోయక తప్పలేదంది. ఇదే మాట ఉదయం తోటల్లోనూ విన్నాను. వేడి ఎక్కువై తొలి కోత రకాలు రంగు తిరగడం ఆలస్యమవుతోంది. సెప్టెంబరులో వెచ్చదనం కావాలి, అక్టోబరులో రాత్రిళ్లు చల్లబడాలి, నవంబరులో గాలి పొడిగా వీచాలి. ఈ మూడూ వరస తప్పకుండా వచ్చే చోటు భూమ్మీద ఎంతో లేదు. ఆ వరస ఇప్పుడు జారుతోంది. అవ్వకి దిగులుంది, అయినా పందిరి పక్కన కొత్తగా నాటిన మొక్కని చూపించింది. పీచ్, చెస్ట్‌నట్ మూడేళ్లు, పెర్సిమన్ ఎనిమిదేళ్లు అని వాళ్ల సామెత. అంటు మొక్కలు అంతకన్నా ముందే కాస్తాయి, ఇది మాత్రం గింజ మొక్క. తన వయసు ఎనభై మూడు అని చెప్పి, దాని పాదులో గడ్డి సరిచేసింది.

కొండ దిగి కినోకవా వెంట సముద్రం వైపు వెళుతుంటే చెట్లు మారిపోయాయి. నది దిగువన పీచ్ తోటలు, ఇంకా దక్షిణంగా అరిదా వాలుల మీద కమలా తోటలు. ఒక్క రోజులోనే ఇంత దూరం వచ్చేశాం. ఒకే రాష్ట్రంలో ఒక్కో చెట్టుకి ఒక్కో చోటు, ఎవరి అంతస్తు వాళ్లదే.

ఇంటికి వచ్చాక మా పక్క తోట బాబాయ్ అడిగాడు, "ఏమ్మా, వేద్దామా మరి?" వద్దని చెప్పాను. ఖమ్మం, కృష్ణా, గుంటూరు మైదానాల్లో ఆ చలి గంటలు దొరకవు. డిసెంబరు రాత్రి 15 డిగ్రీలకి దిగడాన్ని మనం చలి అంటాం, ఆ చెట్టు అనదు. నల్లరేగడిలో వానాకాలం నీరు నిలుస్తుంది, అది రెండో అడ్డు. విశాఖ మన్యంలో ఎత్తైన వాలులుండి, ఎర్రమట్టి లోతుగా ఉండి, తెల్లవారుజామున మంచు పేరుకునే చోట ఎవరైనా ప్రయోగం చేయదలిస్తే ముందు ఒక ఏడాది పొడవునా థర్మామీటర్ పెట్టి రాసుకోమంటాను, ఎకరానికి నాలుగు మొక్కలకి మించి వేయొద్దంటాను. చలి తక్కువ కోరే రకం, దానికి అతికే వేరు మొక్క, ఈ రెండూ తెలిశాకే. దక్షిణాదిన ఈ చెట్టు కుదురుకున్న చోటు నీలగిరుల్లో కూనూరు. సముద్ర మట్టానికి 1,800 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు, నీరు దిగిపోయే కొండ నేల. సిమ్స్ పార్కు దగ్గరి పండ్ల కేంద్రంలో పెర్సిమన్ చెట్లున్నాయి. బాబాయ్‌ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, ఏ రకం, ఏ వేరు, కాయ ఏ నెలలో వగరు విరుగుతుంది అని అడిగి రాసుకుని వద్దామనుకుంటున్నాం. మామిడి పూత పని తీరాక బయల్దేరతాం.